నాచు జెల్లీ ఎలా బిగుస్తుంది?

చైనా గ్రాస్‌తో చేసిన జెల్లీ ఎండాకాలంలో ఫ్రిజ్ బయట పెట్టినా కరగదు. ఎందుకని? అందులోని అగర్ కరగాలంటే సుమారు 85 డిగ్రీల వేడి తగలాలి మరి!

అగర్ కోసం ఇండోనేషియా, చిలీ తీరాల్లో గ్రాసిలేరియా అనే ఎర్ర నాచును పంటలా పెంచుతారు. దాన్ని ఊరికే నీళ్లలో ఉడికిస్తే వచ్చే జెల్లీ చాలాసార్లు మెత్తగా, వేలితో నొక్కితే చితికిపోయేలా ఉంటుంది. దాని చక్కెర గొలుసులకు అంటుకున్న సల్ఫేట్లే కారణం. అవి గొలుసులను దగ్గరగా పెనవేసుకోనివ్వవు.

అందుకే ముందు నాచును వేడి సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో ఉంచుతారు. ఈ క్షారం చాలా సల్ఫేట్లను ఊడగొడుతుంది. ఇక గొలుసులు జంటలుగా మెలితిరిగి, వలలా అల్లుకుని నీటిని పట్టేస్తాయి. ఎంత చక్కటి కిటుకు! క్షారం మోతాదు మించితే మాత్రం అగర్ దిగుబడి తగ్గుతుంది.

నాణ్యత కొలవడానికి 1.5 శాతం అగర్ జెల్లీపై బరువు ఆనిస్తారు. చదరపు సెంటీమీటరుకు ఎన్ని గ్రాములు తట్టుకుంటే అంత గట్టిదన్నమాట.