పులిసిన తవుడు చేపలకు మంచిదే, మరి కుంటలో నీళ్లెన్ని?

మా పెద్దారవీడు చుట్టుపక్కల కుంటల్లో చేపపిల్లలు వదులుకున్నవాళ్లు ఈమధ్య ఎక్కడ కనపడ్డా ఒకటే అడుగుతున్నారు. "అన్నా, తవుడు పులియబెట్టి పెడితే చేప పెరుగుద్దా?" పెరుగుద్ది. కాకపోతే నీ కుంటలో ఎన్ని అడుగుల నీళ్లున్నాయని నేను ఎదురు అడుగుతా.

మనం పెంచే బొచ్చె, శీలావతి, మోసు చేపలకు జీర్ణాశయం ఉండదు. మేత నేరుగా పేగులోకే పోద్ది. తవుడులో ఉండే భాస్వరం చాలావరకు ఫైటిక్ ఆమ్లంలో ఇరుక్కుని ఉంటది, దాన్ని విడగొట్టుకునే శక్తి చేపకు లేదు. అరగని మేతంతా మళ్లీ నీళ్లలోకే వస్తది. ఇడ్లీ పిండి లాగా తవుడును పులియబెడితే ఆ అరిగించే పనిలో కొంత సూక్ష్మజీవులు ముందే చేసిపెడతాయి.

నేను కలిపేది ఇలా. పది కిలోల కొత్త తవుడు, కిలో బెల్లం, లీటరు పుల్లటి పెరుగు. పాత తవుడైతే నూనె ముక్కిపోయి ఉంటది, అది వద్దు. బోరు నీళ్లు కొంచెం కొంచెం చల్లుతూ కలపాలి. పిడికిట్లో పిసికితే ముద్ద కట్టాలి, నీళ్లు కారకూడదు. డ్రమ్ములో అదిమి మూత పెట్టండి, గట్టిగా బిగించొద్దు, గ్యాస్ పోవాలి. ఎండాకాలం రెండు రోజులు, చలికాలం మూడు నాలుగు రోజులు. తియ్యపులుపు వాసన వస్తే అయినట్టు. కుళ్లు వాసన వచ్చినా, బూజు పట్టినా ఎరువు గుంతలో వేసెయ్యండి. బూజు పట్టిన వేరుశనగ చెక్కను పులియబెడితే విషం పోద్దని కొందరు చెబుతుంటారు, నమ్మొద్దు. అఫ్లాటాక్సిన్ అంత తేలిగ్గా పోయేది కాదు. ఇంకోటి, పులిసినంత మాత్రాన తవుడుకు చెక్కలో ఉన్నంత మాంసకృత్తులు రావు. చెక్క పెట్టాల్సిందే.

ఇక అసలు విషయం. పులిసిన మేత నీళ్లలో మిగిలితే మామూలు మేత కంటే త్వరగా కుళ్లుద్ది, కుళ్లేటప్పుడు ఆక్సిజన్‌ను తినేస్తది. మనది మెట్ట. ఏప్రిల్ వచ్చేసరికి కుంటలో మూడు అడుగులు ఉంటే గొప్ప. వేడెక్కిన నీళ్లలో ఆక్సిజన్ ముందే తక్కువ, తెల్లవారుజామున మరీ తక్కువ. పొద్దున్నే చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తుంటే ఆ రోజు మేతే వద్దు, బోరు నీళ్లు పైనుంచి జల్లులా పడేట్టు వదలండి. మబ్బు పట్టిన రోజూ అంతే. జీవామృతం ఎక్కువ పోసేవాళ్లకు కూడా ఇదే మాట. పేడైనా కుళ్లేటప్పుడు ఆక్సిజన్ లాగేస్తది.

అందుకే నేను పులిసిన తవుడును రోజు మేతలో నాలుగో వంతుకు మించనివ్వను. అదీ మామూలు తవుడుకు బదులుగానే, అదనంగా కాదు. ఎండెక్కాక తొమ్మిది దాటి పెడతా. కొల్లేరు వైపు గోతాలకు చిల్లులు పెట్టి కర్రలకు కట్టి మేత వేస్తారు, ఆ పద్ధతి మనకు బాగా పనికొస్తది. రెండు గంటల తర్వాత గోతం లేపి చూస్తే ఎంత మిగిలిందో తెలిసిపోద్ది. మిగిలితే రేపు తగ్గించాలి.

పులిసిన తవుడును ఎండబెట్టి దాచుకోవచ్చా అంటే, మేతగా పనికొస్తది గానీ పెరుగులోని సూక్ష్మజీవులు చాలావరకు చచ్చిపోతాయి. షాపులో పొడి ప్రోబయోటిక్ ప్యాకెట్లలో ఎక్కువగా బాసిల్లస్ రకం ఉంటది, అది విత్తనం లాంటి రూపంలో ఎండినా బతుకుద్ది. తేడా అదే.

పదిహేను రోజులకోసారి విసురు వల వేసి పది చేపల్ని తూచి, ఆ పదిహేను రోజుల్లో పెట్టిన మేత లెక్కతో పాటు రాసుకోండి. డ్రమ్ములో కలపడం, గోతం కట్టడం పైన వీడియోలో చూపించా.