చెడిన నేలకు సోలార్ - పచ్చని నేలకు నాగలి

(మా గ్రామీణ విలేఖరి)

రాజాం: రాజాంలో బస్సెక్కి చీపురుపల్లి మీదుగా గరివిడి వైపు వెళ్లేవారికి ఆ మట్టిగుట్టలు కొత్త కాదు. అవి దేవుడు పెట్టిన కొండలు కావు. మాంగనీసు కోసం మనుషులు భూమిని తవ్వి, ఖనిజం ఏరుకొని, పనికిరాని రాయీ మట్టీ పక్కన పోయగా పెరిగిన కుప్పలు. వాటి మీద ఏ పంటా వేయరు. పశువుకు నాలుగు పరకల గడ్డి దొరకడం కూడా కష్టమే. పెద్ద వాన పడితే ఇలాంటి గుట్టల మట్టి కొట్టుకువచ్చి దిగువ పొలాల్లోనూ చెరువుల్లోనూ చేరుతుంది.

ఈ గుట్టల ఊసు ఇప్పుడెందుకంటే, ఊరూరా సోలార్ మాట వినిపిస్తున్నది. ఎండతో కరెంటు తీయడానికి నేల కావాలి. ఆ నేల ఏది అన్నదే ప్రశ్న. నాగలి సాగే నేలా? పశువులు మేసే నేలా? లేక ఎవరికీ అక్కరకు రాకుండా పడి ఉన్న చెడిన నేలా? కంపెనీ ఎటు వెళ్లాలో నిర్ణయించేది ప్రభుత్వం ఇచ్చే రాయితీ. ఆ రాయితీని చెడిన నేల వైపు తిప్పితే పచ్చని నేల దక్కుతుంది. తిప్పకపోతే నష్టపోయేది సన్నకారు రైతు, గొర్రెల కాపరి.

నూరేళ్లు దాటిన గనులు

మన దేశంలో మాంగనీసు తవ్వకం మొదలైంది ఈ ప్రాంతంలోనే. 1890 తర్వాత ఒకటి రెండేళ్లకే అప్పటి విశాఖపట్నం జిల్లాలోని కోడూరులో గనులు తెరిచారు. అక్కడి ఒక రకం రాయికి శాస్త్రజ్ఞులు ఆ ఊరి పేరు మీదుగా కోడురైట్ అని పేరు పెట్టారు. దేవాడ, గర్భాం పేర్లు కూడా ఆ రోజుల నుంచి గనుల పుస్తకాల్లో ఉన్నాయి. తర్వాత కాలంలో విశాఖ ఉక్కు కర్మాగారానికి సొంత మాంగనీసు గని గర్భాంలో ఏర్పడింది. గరివిడిలో ఫెర్రో ఎల్లాయిస్ కర్మాగారం వెలిసింది. ఎంతోమందికి కూలి దొరికింది, ఆ మాట కాదనలేము. కాని ఖనిజం రైలెక్కి వెళ్లిపోయింది, గుట్టలు మాత్రం ఇక్కడే ఉండిపోయాయి.

మాంగనీసు మనిషి ఒంటికి కొద్దిగా అవసరమే. మోతాదు మించితే నరాలకు చేటు. తాగే నీటిలో లీటరుకు 0.1 మిల్లీగ్రాము లోపు ఉండాలని, వేరే నీరు దొరకని చోట 0.3 వరకు సరిపెట్టుకోవచ్చునని మన దేశ ప్రమాణం చెబుతున్నది. నీటిలో అది ఎక్కువైతే బట్టల మీద, గిన్నెల మీద నల్లని మరకలు పడతాయి. ఏ గుట్టలో ఎంత ఉన్నదీ కంటితో చూసి చెప్పలేము, పరీక్ష చేయించాలి. ఆ పరీక్ష మాట ముందు మళ్లీ వస్తుంది.

కంపెనీ చదును నేలనే ఎందుకు చూస్తుంది?

ఒక మెగావాట్ సోలార్‌కు సుమారు 4 నుంచి 5 ఎకరాలు కావాలి. ఏడాదికి దాని నుంచి 15 లక్షల యూనిట్ల వరకు కరెంటు వస్తుంది. పెద్ద ప్రాజెక్టుల ధర సాధారణంగా టెండర్‌లో తేలుతుంది. యూనిట్ ఎవరు తక్కువకు ఇస్తే పని వారిదే. కాబట్టి కంపెనీవారు చదునుగా ఉండి, రోడ్డుకూ సబ్‌స్టేషన్‌కూ దగ్గరగా ఉన్న నేలను వెదుక్కుంటారు. అందులో వారి తప్పేమీ లేదు, వ్యాపారి లెక్క అలాగే ఉంటుంది.

పాత గని గుట్ట మీద ఆ లెక్క సాగదు. ఏటవాలును మెట్లుగా కొట్టి చదును చేయాలి. వదులు మట్టి కుంగుతుంది కనుక ఒకటి రెండు వానాకాలాలు ఆగి చూడాలి. వాన నీరు పోవడానికి కాలువలు తీయాలి. దుమ్ము లేవకుండా గడ్డి పెంచాలి. చెత్త పూడ్చిన చోటైతే మరీ జాగ్రత్త. పైన కప్పిన పొరకు చిల్లు పడితే లోపలి మురుగూ వాయువూ బయటికి వస్తాయి. అందుచేత అలాంటి చోట గుంజలు దిగగొట్టరు, కాంక్రీటు దిమ్మలు పెట్టి వాటి మీద పలకలు నిలబెడతారు. ఇదంతా అదనపు ఖర్చు. ఆ ఖర్చు ఎవరైనా భరిస్తే తప్ప ఏ కంపెనీ గుట్ట ఎక్కదు.

పరదేశాల్లో ఏం చేశారు?

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రం 2018లో ఒక పథకం మొదలుపెట్టింది. మూసివేసిన చెత్త డంపు మీద సోలార్ పెడితే మొదట్లో యూనిట్‌కు 4 సెంట్లు, విషం పట్టిన పాత పారిశ్రామిక స్థలంలో పెడితే 3 సెంట్లు అదనంగా ఇచ్చింది. పచ్చని ఖాళీ నేలలో పెడితే ధరలో కోత పెట్టింది. ఒక చేత్తో ఇచ్చి, రెండో చేత్తో ఆపడమన్నమాట.

జర్మనీ ఇంకా గట్టిగా నిలబడింది. అక్కడ అప్పట్లో సోలార్ కరెంటును ప్రభుత్వం నిర్ణయించిన ధరకు కొనేవారు. 2010లో సాగుభూమిలో కొత్తగా పెట్టే సోలార్‌కు ఆ ధర నిలిపివేశారు. పాత సైనిక స్థావరాలు, మూతపడిన కర్మాగారాల స్థలాలకు మాత్రం కొనసాగించారు. తర్వాత నిబంధనలు కొంత సడలినా, రాయితీతో కంపెనీని దారి మళ్లించవచ్చునని ఆ దేశం చూపింది.

ఉక్రెయిన్‌లోని చెర్నోబిల్ పేరు చాలామంది విన్నదే. 1986లో అణు రియాక్టర్ పేలి, ఆ చుట్టుపక్కల నేల సేద్యానికి పనికిరాకుండా పోయింది. 2018లో ఆ రియాక్టర్ పక్కనే ఒక మెగావాట్ సోలార్ కేంద్రం పెట్టారు. పంట పండించలేని చోట కరెంటు తీశారు.

అంత దూరం పోనక్కర లేదు. తెలంగాణలోని సింగరేణి బొగ్గు సంస్థ 2020 నుంచి తన సొంత గనుల ప్రాంతాల్లో సోలార్ కేంద్రాలు వరుసగా పెడుతూ వచ్చింది. నేల తమదే, కరెంటు అవసరం కూడా తమదే. రైతు పొలం అడగకుండానే పని జరిగింది.

బీల నేర్పిన పాఠం

"చెడిన నేల" అన్న మాట వినగానే మన ప్రాంతం వారికి ఒక భయం పుడుతుంది. ఆ భయానికి కారణం ఉంది. శ్రీకాకుళం జిల్లా సోంపేట బీలను కాగితాల మీద బంజరుగా చూపి, బొగ్గు కరెంటు కేంద్రానికి ఇవ్వబోయారు. ఆ బీల నీటితో వరి పండుతుందని, అందులో చేపలు పట్టి బతికే కుటుంబాలు ఉన్నాయని ఊళ్లవారు మొత్తుకున్నారు. 2010 జూలై 14న అక్కడ పోలీసు కాల్పులు జరిగి మనుషులు చనిపోయారు. ఆ రోజునే జాతీయ పర్యావరణ అప్పిలేట్ అథారిటీ ఆ కేంద్రానికి ఇచ్చిన అనుమతిని రద్దు చేసింది. మరుసటి ఏడాది, 2011 ఫిబ్రవరి 28న, సంతబొమ్మాళి మండలం కాకరాపల్లిలోనూ కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి.

రెవెన్యూ రికార్డులో బంజరు అని రాసినంత మాత్రాన నేల చచ్చినట్టు కాదని ఈ రెండు ఊళ్లు చెప్పాయి. గొర్రెలు మేసే గట్టు, తాటిచెట్ల దిబ్బ, వానాకాలంలో నీరు నిలిచే పల్లం - ఇవన్నీ కాగితంలో ఖాళీ స్థలాలే, ఊరికి మాత్రం జీవనాధారాలు. కనుక చెడిన నేలకు రాయితీ అన్నప్పుడు ఆ చెడును తేల్చవలసింది రికార్డు కాదు, మట్టి పరీక్ష, నీటి పరీక్ష. పరీక్ష లేకుండా రాయితీ ఇస్తే మంచి నేలకు కూడా చెడ్డ పేరు పెట్టి లాక్కునే వీలు కలుగుతుంది.

మనకు ఉన్న దారులు

2024 అక్టోబరులో రాష్ట్ర ప్రభుత్వం సమగ్ర స్వచ్ఛ ఇంధన విధానం ప్రకటించింది. 10 లక్షల కోట్ల రూపాయల పెట్టుబడి, 160 గిగావాట్ల సామర్థ్యం లక్ష్యాలుగా పెట్టుకుంది. ఒక గిగావాట్ అంటే వెయ్యి మెగావాట్లు. ఇంత పెద్ద లక్ష్యానికి ఎంత నేల కావాలో పాఠకులే ఊహించవచ్చు. ఆ నేల ఎక్కడిదన్న మాట ఇప్పుడు తేల్చుకోకపోతే తర్వాత తేల్చుకోవడం కష్టం.

కేంద్రం 2019లో మొదలుపెట్టిన కుసుమ్ పథకంలో మొదటి భాగం బీడు నేలల్లో చిన్న సోలార్ కేంద్రాల కోసం ఉద్దేశించినది. అర మెగావాట్ నుంచి 2 మెగావాట్ల వరకు, సబ్‌స్టేషన్‌కు 5 కిలోమీటర్ల లోపు పెట్టుకోవాలి. రైతులు, సహకార సంఘాలు మాత్రమే కాదు, పంచాయతీలు కూడా అర్హులే. ఆ కరెంటు కొన్న పంపిణీ సంస్థకు అయిదేళ్లపాటు యూనిట్‌కు 40 పైసల ప్రోత్సాహకం పెట్టారు. ఆ పథకం గడువును 2026 మార్చి వరకు పొడిగించారు. తర్వాత ఏ పథకం వచ్చినా అందులో చెడిన నేలకు ప్రత్యేక స్థానం అడగడానికి ఇదే అదను.

గనులున్న జిల్లాలకు మరొక నిధి కూడా ఉంది. 2015లో గనుల చట్టాన్ని సవరించి జిల్లా మినరల్ ఫౌండేషన్‌లు ఏర్పాటు చేశారు. గని యజమానులు కట్టే సొమ్ము దానికి చేరుతుంది. గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్లకే అది ఖర్చు కావాలి. తాగునీరు, ఆరోగ్యం, కాలుష్య నివారణ మొదటి వరుసలో ఉన్నాయి. ప్రత్యామ్నాయ విద్యుత్ కూడా ఆ జాబితాలో ఉన్నది. గుట్టను మెట్లుగా కొట్టడం, కాలువ తీయడం, గడ్డి పెంచడం వంటి పనులకు ఈ సొమ్ము వాడితే కంపెనీకి అదనపు ఖర్చు తగ్గుతుంది, దిగువ పొలాలూ బాగుపడతాయి.

ఒక్క లొసుగు మాత్రం ఉన్నది. కలుషిత స్థలాలను శుభ్రం చేయించడానికి కేంద్రం 2025 జూలైలో నిబంధనలు తెచ్చింది. పాడుచేసినవారే ఖర్చు భరించాలన్నది వాటి మూలసూత్రం. కాని గని పనుల వల్ల కలిగిన కాలుష్యం, పట్టణాల చెత్త డంపులు మామూలుగా వాటి పరిధిలోకి రావు, వాటికి వేరే చట్టాలున్నాయి అన్నారు. మన పల్లెలకు దగ్గరగా ఉన్నవి సరిగ్గా ఆ రెండే. అందుకే ఇక్కడ రాయితీ మాట మరీ ముఖ్యమవుతున్నది.

లెక్క వేసి చూద్దాం

ఉదాహరణకు ఒక పంచాయతీ పరిధిలో పదెకరాల పాత గుట్ట ఉన్నదనుకుందాం. అక్కడ 2 మెగావాట్లు పెడితే ఏడాదికి సుమారు 30 లక్షల యూనిట్లు వస్తాయి. చెడిన నేల అన్నందుకు ప్రభుత్వం యూనిట్‌కు పావలా అదనంగా ఇచ్చినా ఏడాదికి ఏడున్నర లక్షల రూపాయలు. అందులో కొంత గుట్టను బాగుచేసే ఖర్చుకు పోతుంది, కొంత పంచాయతీకి కౌలుగా రావచ్చు. వీధి దీపాలకూ నీటి మోటారుకూ ప్రతి నెలా బిల్లు కట్టలేక సతమతమయ్యే పంచాయతీకి అది చిన్న సొమ్ము కాదు. అంతకంటె ముఖ్యం, పదెకరాల మంచి నేల మిగులుతుంది.

ఒక హెచ్చరిక కూడా అవసరం. సోలార్ పలక విషాన్ని పీల్చదు. గుట్టను పలకలతో కప్పేసి, పని అయిపోయిందని చేతులు దులుపుకుంటే కింది నీరు అలాగే చెడుతూ ఉంటుంది. ముందు శుభ్రం చేయాలి, తర్వాతే పలకలు. పాడుచేసినవారి బాధ్యత పలకల చాటున మాయం కాకూడదు.

2022 ఏప్రిల్‌లో జిల్లాల విభజన జరిగినప్పుడు రాజాం, వంగర, రేగిడి ఆమదాలవలస, సంతకవిటి మండలాలు విజయనగరం జిల్లాలో చేరాయి. మాంగనీసు గుట్టలూ, మడ్డువలస నీటితో పండే పొలాలూ ఇప్పుడు ఒకే కలెక్టరు కింద ఉన్నాయి. కాబట్టి పని సులువు. గుట్టలున్న ప్రతి పంచాయతీలో గ్రామసభ పెట్టి, సర్వే నంబర్లవారీగా జాబితా రాయాలి. ఏది గని గుట్ట, ఏది పశువుల మేత, ఏది డి-పట్టా భూమి అన్నది ఊరివారి ఎదుటే తేల్చాలి. మట్టి, నీరు పరీక్ష చేయించి ఆ కాగితం పంచాయతీ గోడకు అంటించాలి. ఆ తర్వాతే కంపెనీని పిలవాలి.

కంపెనీవారు నేల చూడటానికి వచ్చిన రోజున ఊరి చేతిలో ఆ జాబితా ఉండాలి. "అదిగో గుట్ట, అక్కడ పెట్టుకోండి" అని చూపే అవకాశం అప్పుడే ఉంటుంది. జాబితా లేకపోతే వారు చూపిందే బంజరవుతుంది. ఈ విషయంలో జిల్లా అధికారులు, ప్రజాప్రతినిధులు వెంటనే శ్రద్ధ తీసుకోవడం అవసరం.