న్యూరోసైకియాట్రిక్ లూపస్

రోగనిరోధక శక్తి సొంత ఒంటిమీదే తిరగబడే జబ్బు లూపస్. రోగుల్లో పదికి తొమ్మిది మంది ఆడవాళ్లే. అది మెదడునూ నరాలనూ తాకితే ఈ పేరు. మూర్ఛ మొదలు దిగులు, మతిమరుపు దాకా దీని రూపాలు 19 అని అమెరికన్ రుమటాలజీ కాలేజీ 1999లో లెక్కగట్టింది.

పొయ్యి మీద పాలు పెట్టిన సంగతే గుర్తుండటం లేదని రోగి మొత్తుకుంటున్నా ఎమ్మారైలో చాలాసార్లు ఏ తేడా కనబడదు. 'అంతా మీ భ్రమ' అనిపించుకోవడం అదనం! పెట్ స్కాన్ దారి వేరు. రేడియోధార్మిక గుర్తు తగిలించిన గ్లూకోజును నరంలోకి ఎక్కించి, మెదడులో ఏ భాగం ఎంత వాడుకుంటోందో చూస్తారు. న్యూయార్క్‌ ఫైన్‌స్టీన్ సంస్థలో బెటీ డైమండ్ బృందం ఇలా చూస్తే, జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌లో వాడకం మామూలు కన్నా ఎక్కువగా కనిపించింది. లూపస్‌లో డీఎన్ఏపై దాడిచేసే కొన్ని యాంటీబాడీలు నాడీకణాలకూ అతుక్కుంటాయని ఆమె బృందం 2001లోనే చూపింది. ఆసుపత్రిలో మాత్రం ఈ లక్షణాలు ఇన్ఫెక్షన్, స్టెరాయిడ్ల ప్రభావం కాదని ముందు తేల్చుకోవాల్సిందే.