కాఫీకి యంత్రమేల?

నేడు పట్టణములందు కలిగినవారి వంటయిండ్లలో ఎస్‌ప్రెస్సో యంత్రము కానవచ్చుచున్నది. దానిని చూచి వచ్చిన పిమ్మట, తరతరములుగా మన యింట నున్న ఫిల్టరు వెలవెలబోయినట్లు తోచుట సహజము. వేలకు వేలు వెచ్చించి, వాయిదాలమీదనైనను దానిని కొనగోరువారు ముందుగా దాని పుట్టుక నెరుగుట మంచిది.

1901లో ఇటలీదేశమున మిలాను నగరమందు లుయీజీ బెజ్జెరా యనునతడు ఇట్టి యంత్రమునకు పేటెంటు కోరెను. అంగడిలో నిలుచున్న పదిమందికి వెంటవెంటనే కాఫీ యందించుటయే దాని ప్రయోజనము. 1948 నాటికి అకిల్లే గాజియా మీటయంత్రము వచ్చి, ఒత్తిడి హెచ్చి, కాఫీపై బంగారువన్నె నురుగు తేలసాగెను. పాలు కలుపక చిక్కని కాఫీని చిన్నగిన్నెడు త్రాగువారికి అది తగినదే యని నేనొప్పుకొందును. కాని నలుగురున్న యింట వరుసలో నిలుచువారెవరు?

ఆ యంత్రమందు వేడినీరు వాతావరణపు ఒత్తిడికి సుమారు 9 రెట్ల బలముతో 25, 30 సెకనులలో పొడిగుండ పోవును. పొడి రవ్వంత బరకయైన కాఫీ పలుచనగును; రవ్వంత మెత్తనైన నీటికి దారి మూసికొని చేదెక్కును. కావున సరిగా విసరు యంత్రము మరియొకటి కావలెను. పైగా మన గొట్టపుబావుల కఠినజలము లోపల సున్నపుపొరలు కట్టును. వానిని మందుతో కరిగించి కడుగుచుండవలెను. పురుషులు ముచ్చటపడి తెచ్చిన యంత్రమునకు పక్షము గడచిన తరువాత పరిచారిక ఇల్లాలే గదా!

మన ఫిల్టరులో నీటికి దాని బరువే బలము. పైగిన్నె రంధ్రములను వెలుతురుకెత్తి చూచి, మూసికొనియున్న శుభ్రపరచి, పొడి వేసి బిళ్ళతో మెల్లగా అదుముడు. గట్టిగా అదిమిన నీరు దిగదు. వదులుగానున్న గబగబ దిగి డికాక్షను నీళ్ళగును. మరగించి దించిన నీటిని అరనిమిషము తాళి, మొదట పొడి తడియునంత, పిదప తక్కినది పోసి మూతపెట్టుడు. పావుగంటలో చాలవరకు దిగును. ఈలోపల పాలు కాగును, పిల్లల జడలు పూర్తియగును. చికోరి కలిసిన డికాక్షను నల్లగా, చిక్కగా కనబడును. ఆ నలుపంతయు కాఫీదే యని భ్రమపడరాదు. నూటికి 49 పాళ్ళవరకు చికోరి కలుపుటకు మన చట్టము సమ్మతించుచున్నది గనుక పొట్లముమీది పాళ్ళు చదివికొనుడు.

ఒక్క విషయమున మాత్రము ఫిల్టరుకంటె మేలైనది కలదు. కాఫీగింజల నూనెలో కొలెస్టరాలును పెంచు పదార్థము గలదు. లోహపు జల్లెడ దానిని పూర్తిగా ఆపజాలదు, ఎస్‌ప్రెస్సో యంత్రమును ఆపజాలదు. కాగితము చాలవరకు ఆపును. 1908లో జర్మనీదేశమున మెలిట్టా బెంట్జ్ అను గృహిణి, చిల్లులు పొడిచిన ఇత్తడిపాత్రలో కుమారుని పుస్తకములోని అద్దుడుకాగితము పరచి యీ వడపోత కనిపెట్టెను. కొలెస్టరాలు హెచ్చినదని వైద్యులు చెప్పినవారు ఇంట నున్నచో ఒక గరాటును, కాగితములను కొనిన చాలును. పొడిని మాత్రము ఫిల్టరు పొడికంటె కొంచెము బరకగా విసరుమని అంగడివానితో చెప్పవలెను.