చెట్టు కొట్టేస్తే భయం పోతుందా?

ఊరి నడుమ పాత రావిచెట్టు. పగలంతా దాని కొమ్మలకు వందల గబ్బిలాలు తలకిందులుగా వేలాడుతుంటాయి. చెట్టు పక్క ఇంటివారికి వాకిలి నిండా రెట్టలు, ఎంగిలి పండ్లు, కంపు, తెల్లవారుజామున కీచుకీచుమనే గోల. 'కొట్టించెయ్యండి' అని వారంటారు. 'తాతలనాటి చెట్టు, గబ్బిలాలూ అప్పటివే, చెయ్యి వెయ్యనివ్వం' అని ఎదురింటివారంటారు. ఏళ్ల తరబడి గొణుగుడుగా సాగే ఇలాంటి తగవు, నిపా వైరస్ వార్త టీవీలో వచ్చిన వారంలో పంచాయతీ దాకా వెళుతుంది. గొడ్డళ్లు, టపాసులు బయటికొస్తాయి.

ఈ తగవులో రెండు పక్షాల మాటల్లోనూ నిజం ఉంది. ఇబ్బంది నిజం, జబ్బు భయమూ నిజమే. తేల్చుకోవలసింది ఒక్కటే. గబ్బిలాలను చంపితే, తరిమేస్తే ఆ భయం తగ్గుతుందా? ఇప్పటిదాకా దొరికిన శాస్త్రీయ ఆధారాలు తగ్గదనే చెబుతున్నాయి. ఒక్కోసారి ముప్పు పెరగవచ్చని కూడా హెచ్చరిస్తున్నాయి.

చట్టం ఏమంటోంది?

గబ్బిలాన్ని చంపినా తప్పులేదన్న భావన ఊరికే పుట్టలేదు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కాకులు, ఎలుకలు, చిట్టెలుకలతో పాటు పండ్లు తినే గబ్బిలాలను కూడా ఐదో షెడ్యూలులో చేర్చింది. అది 'వెర్మిన్' జాబితా, అంటే హాని చేసే జంతువుల జాబితా. వాటిని చంపడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. మన దేశంలో దాదాపు 130 జాతుల గబ్బిలాలున్నాయి. వాటిలో మొదటి షెడ్యూలు రక్షణ దక్కింది రెండు అరుదైన జాతులకే. పురుగులు తినే గబ్బిలాల్లో చాలావాటి పేర్లు చట్టంలో ఎక్కడా కనిపించేవి కావు.

2022లో చట్టాన్ని సవరించారు. 2023 ఏప్రిల్ 1 నుంచి అది అమల్లోకి వచ్చింది. పాత వెర్మిన్ షెడ్యూలు రద్దయింది. ఇప్పుడు ఏ జంతువునైనా అలా ప్రకటించాలంటే, ఏ ప్రాంతంలో, ఎంతకాలం అన్నది చెబుతూ కేంద్ర ప్రభుత్వం ప్రత్యేకంగా నోటిఫికేషన్ ఇవ్వాలి. ఇక చెట్టు విషయానికొస్తే, ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో 2002 నాటి వాల్టా చట్టం ఉంది. చెట్టు కొట్టాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. కాగితం మీద చట్టం మారినా, యాభై ఏళ్ల అలవాటు వీధిలో అంత తొందరగా మారదు.

భయానికి కారణం

నిపా చిన్న జబ్బు కాదు. సోకినవారిలో 40 నుంచి 75 శాతం మంది చనిపోతారని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. ఈ వైరస్ సహజంగా ఉండేది పండ్లు తినే పెద్ద గబ్బిలాల్లో. 1998-99లో మలేషియాలో పందుల ఫారాల పక్కనే పండ్లతోటలు ఉండేవి. గబ్బిలాలు కొరికి పడేసిన పండ్ల నుంచి పందులకు, పందుల నుంచి మనుషులకు జబ్బు వచ్చింది. వందమందికి పైగా చనిపోయారు. బంగ్లాదేశ్‌లో దారి వేరు. అక్కడ చలికాలంలో ఈతచెట్లకు రాత్రంతా కుండలు కట్టి రసం పడతారు. గబ్బిలాలు వచ్చి ఆ రసం నాకుతాయి, కుండల్లో మూత్రం పోస్తాయి. తెల్లారాక ఆ రసాన్ని కాచకుండా తాగినవారికి వైరస్ సోకుతోంది.

2018 మే నెలలో కేరళలోని కోజికోడ్ జిల్లాలో నిపా బయటపడినప్పుడు అనుమానం మొదట ఒక ఇంటి బావిలో ఉన్న గబ్బిలాల మీద పడింది. అవి పురుగులు తినే జాతి. భోపాల్ ప్రయోగశాలలో పరీక్షిస్తే వాటిలో వైరస్ లేదని తేలింది. తర్వాత ఆ ప్రాంతంలో పట్టిన పండ్లు తినే గబ్బిలాలు కొన్నింటిలో అది కనిపించింది. ఏ గబ్బిలమో తెలియకుండా కనిపించినవాటినల్లా చంపితే ఏం జరుగుతుందో దీన్నిబట్టే ఊహించుకోవచ్చు.

చంపి చూసినచోట ఏం జరిగింది?

ఆఫ్రికాలోని ఉగాండాలో కిటాకా అనే గనిలో 2007లో కార్మికులకు మార్‌బర్గ్ అనే ప్రాణాంతక వైరస్ సోకింది. అది గనిలోని గబ్బిలాల నుంచి వచ్చింది. దాంతో గబ్బిలాలను పూర్తిగా నిర్మూలించారు. కొన్నేళ్లకు వేరేచోటి గబ్బిలాలు వచ్చి అదే గనిలో చేరాయి. పరీక్షిస్తే, మునుపు సుమారు 5 శాతం గబ్బిలాల్లో ఉన్న వైరస్ ఈసారి 13 శాతం గబ్బిలాల్లో కనిపించింది. 2012లో దగ్గరి పట్టణంలో మళ్లీ జబ్బు వచ్చింది. పాత గుంపులో చాలావాటికి అప్పటికే వైరస్ సోకి రోగనిరోధక శక్తి వచ్చి ఉంటుంది. ఖాళీ అయిన చోటుకు కొత్తగా వచ్చిన వాటికి, అప్పుడే పుట్టిన పిల్లలకు అది ఉండదు. అందుకే వైరస్ వాటిలో తేలిగ్గా పాకిందని శాస్త్రవేత్తలు భావిస్తున్నారు.

ఆస్ట్రేలియాలో గబ్బిలాల నుంచి గుర్రాలకు, వాటి నుంచి మనుషులకు సోకే హెండ్రా వైరస్ ఉంది. అక్కడ 25 ఏళ్ల సమాచారాన్ని పరిశీలించిన అధ్యయనం 2022లో వెలువడింది. అడవులు తగ్గి, పూలు దొరకని చలికాలాల్లో గబ్బిలాలు ఊళ్ల దగ్గరికి చేరాయి. ఆకలితో ఉన్నప్పుడు వాటి ఒంట్లోంచి వైరస్ ఎక్కువగా బయటికి వచ్చింది. అడవి చెట్లు బాగా పూసిన ఏడాది అవి తిరిగి అడవికి వెళ్లిపోయాయి. అప్పుడు గుర్రాలకు జబ్బు సోకలేదు. గబ్బిలాన్ని కొడితే, నిద్రలేకుండా చేస్తే, గూడు తీసేస్తే అదీ ఒక ఒత్తిడే. పైగా కొట్టేసిన చెట్టు మీది గుంపు మాయమైపోదు. నాలుగు ముక్కలై నాలుగు వీధులకు చేరుతుంది.

అవి లేకపోతే?

గబ్బిలం పక్షి కాదు, ఎగిరే క్షీరదం. మన దేశంలోని పెద్ద గబ్బిలం ఏడాదికి సాధారణంగా ఒక్క పిల్లనే కంటుంది. కాబట్టి ఒకసారి సంఖ్య పడిపోతే మళ్లీ పెరగడానికి ఏళ్లు పడుతుంది. ఆ లోపు నష్టపోయేది చెట్లు. ఏజెన్సీ గ్రామాల్లో ఎన్నో కుటుంబాలకు ఆదాయమిచ్చే ఇప్పచెట్టు పూత పరాగసంపర్కంలో గబ్బిలాలది పెద్ద చెయ్యి. మర్రి, రావి, మేడి గింజలను దూరాలకు మోసుకెళ్లి చల్లేది కూడా అవే. తోటల్లో జామ, సపోటా, అరటి పాడుచేస్తాయన్నదీ నిజమే. ఆ నష్టానికి వలలు కట్టడం మేలైన మార్గం. మారిషస్‌లో 2015 నుంచి వేలకు వేలు గబ్బిలాలను చంపినా పండ్ల దిగుబడి పెరగలేదు. ఆ జాతి మాత్రం అంతరించే ప్రమాదంలో పడింది.

ఇద్దరూ ఒప్పుకోగల మార్గం

జబ్బు దానంతటదే గాల్లో ఎగిరి రాదు. గబ్బిలం లాలాజలం, మూత్రం మన నోటికి చేరే దారి ఒకటి ఉండాలి. ఆ దారిని మూస్తే చాలు. బంగ్లాదేశ్‌లో పరిశోధకులు రాత్రిపూట కెమెరాలు పెట్టి చూశారు. ఈతచెట్టు మీద గాటు పెట్టినచోటికి, కుండకు వెదురు తడిక కడితే గబ్బిలాలు రసాన్ని దాదాపుగా తాకలేకపోయాయి. ఒక్క గబ్బిలమూ చావలేదు, ఖర్చూ స్వల్పమే. కల్లు గీసే మన ఊళ్లకూ పనికొచ్చే ఉపాయమిది.

మిగతావీ ఇంతే తేలిక. బావులకు, నీళ్ల తొట్లకు వల లేదా మూత వేయాలి. కొరికిన పండును తినకూడదు, పశువులకూ వేయకూడదు. మంచి పండునైనా కడిగి, తొక్క తీసి తినాలి. రెట్టలు ఊడ్చే ముందు నీళ్లు చల్లి, ముక్కుకు గుడ్డ కట్టుకోవాలి. కింద పడిన గబ్బిలాన్ని వట్టి చేత్తో ముట్టుకోవద్దు. కరిచినా, గీరినా సబ్బు నీళ్లతో పావుగంట కడిగి వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి. ఇంటి మీదికి వాలిన కొమ్మ ఒక్కటే ఇబ్బందైతే, అనుమతి తీసుకుని, పిల్లల్ని మోసే కాలం దాటాక, సాయంత్రం గబ్బిలాలు మేతకు వెళ్లాక ఆ కొమ్మను మాత్రమే తీయించవచ్చు.

వేసవిలో గబ్బిలాలు గుంపుగా రాలిపడినా అది జబ్బేనని కంగారుపడనక్కర్లేదు. 2020 మే నెలలో ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్ జిల్లాలో అలాగే జరిగింది. బరేలీలోని పశువైద్య పరిశోధన సంస్థ పరీక్షించి, అవి విపరీతమైన ఎండవేడికి చనిపోయాయని తేల్చింది. అలాంటప్పుడు వాటిని ముట్టుకోకుండా పశువైద్యులకు, అటవీ సిబ్బందికి కబురు చేస్తే చాలు.

తమిళనాడులో కొన్ని గ్రామాలవారు గబ్బిలాలు బెదురుతాయని దీపావళికి టపాసులు కాల్చరు. బీహార్‌లోని వైశాలి జిల్లా సర్సాయి గ్రామంలో వాటిని ఊరికి శుభమని కాపాడుకుంటారు. అందరూ అంత ప్రేమించనక్కర్లేదు. చెట్టు కింది ఇంటివారికి వాకిలి ఊడ్చే కష్టం ఉంటుంది. చెట్టు కావాలనేవారు ఆ కష్టంలో ఒక పాలు పంచుకోవాలి. బావికి వల కొనే డబ్బులో వారి వాటా ఉంటే పంచాయతీలో మాట సులువుగా కుదురుతుంది.