కరెంటు బకాయిలు – పంచాయతీ సభ్యుల కర్తవ్యము

విద్యుద్దీపము ఒకనాడు పట్టణములకు అలంకారము. నేడు కృష్ణా డెల్టాలోని చిన్న పెంకుటింటికి సైతము అది నిత్యావసరము. బిల్లు చెల్లింపలేదను కారణమున ఒక ఇంటి సర్వీసు తొలగింపబడినచో ఆరిపోవునది దీపమొక్కటే కాదు. ఫ్యాను ఆగును, నీటి మోటారు ఆగును, పిల్లల చదువు ఆగును. రోహిణి కార్తెలో రోళ్లు పగులునని మన పెద్దలు చెప్పుదురు. అట్టి ఎండలలో కరెంటు లేని ఇల్లు వృద్ధులకు, పసిబిడ్డలకు, బాలింతలకు ప్రాణాపాయకరము. 2015 మే నెలలో వడగాడ్పులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రములలో వెయ్యిమందికి పైగా మరణించిన సంగతి మనము మరువరాదు.

ఇతర దేశముల అనుభవము

శీతల దేశములలో ఈ ప్రమాదము చలికాలమున వచ్చును. ఫ్రాన్సులో 2013 నాటి చట్టము ననుసరించి నవంబరు 1 నుండి మార్చి 31 వరకు నివాస గృహములకు బకాయి కారణముగా కరెంటు తొలగింపరాదు. బాకీ రద్దు కాదు. తొలగింపు మాత్రమే ఆగును. అమెరికాలోని అరిజోనా మనవలెనే ఎండల ప్రాంతము. అచ్చట 2018లో సుమారు 51 డాలర్ల బాకీకై కరెంటు తొలగింపబడిన ఇంట ఒక వృద్ధురాలు వేడికి మరణించినది. మరుసటి సంవత్సరము ఆ రాష్ట్ర నియంత్రణ సంఘము జూన్ 1 నుండి అక్టోబరు 15 వరకు తొలగింపులను నిలిపివేసినది. మన విద్యుచ్ఛక్తి చట్టములో ఋతువును బట్టి ఇట్టి నిషేధము లేదు. కావున ఉన్న రక్షణలను ప్రజలకు తెలియజేయు బాధ్యత పంచాయతీపై మరింతగా నున్నది.

బకాయి ఎట్లు ఏర్పడును?

విజయవాడ ఆటోనగర్‌లోని షెడ్లలో లారీల బాడీలు కట్టువారు, వెల్డింగు పనివారు, మెకానిక్కులు పలువురు చుట్టుప్రక్కల గ్రామముల నుండి వచ్చువారే. పనియున్న నాడే వారికి కూలి. వారము దినములు పనిలేకున్న బిల్లు వెనుకబడును. అద్దె ఇండ్లలో మీటరు యజమాని పేరనుండుటచే, బాకీ ఎవరు చెల్లింపవలెనన్న తగవులోనే గడువు దాటిపోవును. వ్యవసాయ కూలీల ఇండ్లలోను నాట్లకు, కోతలకు నడుమ ఇదియే పరిస్థితి.

చట్టము ఏమి చెప్పుచున్నది?

2003 విద్యుచ్ఛక్తి చట్టములోని 56వ సెక్షను సభ్యులందరును తెలిసికొనదగినది.

ఒకటి: బకాయి పడినవారికి వ్రాతమూలకముగా నోటీసు ఇచ్చి, కనీసము 15 పూర్తి దినములు గడచిన పిమ్మటనే సర్వీసు తొలగింపవలెను. బిల్లుపై ముద్రించిన చెల్లింపు గడువును, తొలగింపు తేదిని ఇంటివారు వెంటనే చదువుకొనుట మంచిది.

రెండు: బిల్లు తప్పని తోచినచో, తగవు తేలువరకు కరెంటు నిలుపుకొను మార్గము కలదు. అడిగిన మొత్తమును గాని, గడచిన ఆరు నెలల సగటు ననుసరించి నెలకు వచ్చు మొత్తమును గాని, వీనిలో ఏది తక్కువో దానిని ఆక్షేపణతో జమకట్టిన చాలును. ఉదాహరణకు, నెలకు సగటున 400 రూపాయలు చెల్లించు ఇంటికి ఒకమారు 6,000 రూపాయల బిల్లు వచ్చినదనుకొందము. ఆ గృహస్థుడు తన ఆక్షేపణను వ్రాసియిచ్చి, నెలకు 400 రూపాయల చొప్పున జమకట్టినచో తగవు తీరువరకు సర్వీసు తొలగింపరాదు.

మూడు: బాకీ మొదట చెల్లింపవలసిన తేది నుండి రెండు సంవత్సరములు దాటినచో, దానిని బిల్లులలో ఎడతెగక బకాయిగా చూపుచు వచ్చిననే తప్ప వసూలు చేయరాదు.

ఫిర్యాదును మొదట స్థానిక విద్యుత్ కార్యాలయములో గాని, 1912 నంబరునకు గాని తెలుపవచ్చును. అచ్చట న్యాయము జరుగనిచో వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకును, ఆపై విద్యుత్ అంబుడ్స్‌మన్‌కును అర్జీ పెట్టుకొనవచ్చును. రసీదులను, పాత బిల్లులను భద్రపరచుకొనవలెను.

పొదుపు లెక్క

75 వాట్ల ఫ్యాన్లు రెండు దినమునకు 12 గంటలు తిరిగినచో నెలకు 54 యూనిట్లు ఖర్చగును. 9 వాట్ల ఎల్‌.ఇ.డి. దీపములు మూడు దినమునకు 5 గంటలు వెలిగినచో సుమారు 4 యూనిట్లు. 2022 ఆగస్టులో అమలైన రేట్లలో మొదటి 30 యూనిట్లకు యూనిటు 1 రూపాయి 90 పైసలు, ఆపై 75 వరకు 3 రూపాయలు. ఆ లెక్కన ఈ 58 యూనిట్లకు, ఇతర రుసుములు గాక, 141 రూపాయలు. బీద కుటుంబము మోయగల భారమే ఇది. అయితే మూడు, నాలుగు నెలల బాకీ ఒక్కసారిగా మీదపడినచో ఆ భారమే మోయరానిదగును. కావున బాకీ చిన్నదిగా నున్నప్పుడే పట్టించుకొనవలెను.

పంచాయతీ చేయదగిన పనులు

వేసవికి ముందే వార్డు సభ్యులు తమ వార్డులో ఒంటరి వృద్ధులు, రోగులు, పసిబిడ్డలు గల ఇండ్ల జాబితా సిద్ధము చేసి, బిల్లు బకాయి ఉన్నదేమో విచారింపవలెను. ఒక్కసారి చెల్లింపలేనివారిచే వాయిదాలు కోరుచు అర్జీ వ్రాయించి, గ్రామ సచివాలయములోని ఎనర్జీ అసిస్టెంటు ద్వారా అధికారులకు అందజేయవలెను. షెడ్యూల్డు కులముల, తెగల గృహములకు నెలకు 200 యూనిట్ల వరకు ఉచిత విద్యుత్తు ఇచ్చు ఏర్పాటు 2019లో జరిగినది. అర్హత యుండియు కులధ్రువపత్రము దాఖలు చేయక బిల్లు కట్టుచున్నవారు గలరేమో చూడవలెను. యజమానికిని అద్దెకున్నవారికిని తగవు వచ్చిన యెడల పెద్దలు కూర్చుండి తీర్పవలెను.

తొలగింపబడిన ఇంటివారు లైనుకు కొక్కెము తగిలించుకొనుట ఎన్నడును తగదు. అది ప్రాణముతో చెలగాటము. 135వ సెక్షను క్రింద మూడు సంవత్సరముల వరకు జైలుశిక్షకు దారితీయు నేరము కూడ.

బిల్లు చెల్లించుట పౌరుని ధర్మము. చెల్లింపలేని వానికి వ్యవధియు, సలహాయు లభింపజేయుట ఊరి ధర్మము. మే నెల ఎండలలో మీ గ్రామమున ఏ ముసలివారి ఇంటను ఫ్యాను ఆగిపోకుండ చూడగలిగినచో, మీ పంచాయతీ ఒక గొప్ప కార్యమును నెరవేర్చినదని మేము భావింతుము.