ఒకే మెమరీకి రెండు చిరునామాలు

లినక్స్ వంటి ఆపరేటింగ్ సిస్టమ్‌లో నడిచే మామూలు ప్రోగ్రాముకు ర్యామ్‌లోని అసలు చిరునామాలు ఎన్నడూ కనబడవు. అది వాడుకునేవన్నీ వర్చువల్ చిరునామాలే. వాటిని పేజీలనే ముక్కల చొప్పున అసలు చిరునామాలతో జతపరిచే పేజీ టేబుళ్లు మాత్రం, యంత్రం మొత్తాన్నీ అదుపులో ఉంచే కెర్నెల్ చేతిలో ఉంటాయి. కెమెరా వంటి పరికరాన్ని నడిపే డ్రైవర్ కూడా కెర్నెల్‌లో భాగమే కనుక, కెమెరా పంపిన చిత్రం మొదట కెర్నెల్ మెమరీలోకి చేరుతుంది. దానిని ప్రోగ్రాముకు అందించాలంటే కాపీ చేయాలి. పిక్సెల్‌కు 2 బైట్ల చొప్పున 1920×1080 చిత్రాలు సెకనుకు 30 వస్తుంటే, ఆ కాపీ ఒక్కటే సెకనుకు దాదాపు 124 మెగాబైట్లవుతుంది. ఈ వృథాను తప్పించడానికే ఎంమ్యాప్ అనే ఏర్పాటు ఉంది: ఒకే ఇంటికి రెండు వీధుల్లోనూ గుమ్మాలు పెట్టినట్టు, ఒకే మెమరీని డ్రైవర్ ఒక చిరునామాతోనూ ప్రోగ్రాము మరొక చిరునామాతోనూ చేరుకుంటాయి.

ఈ ఏర్పాటులో తప్పు దొర్లినప్పుడు ప్రోగ్రాము ఆగిపోతే అది అదృష్టమే. మ్యాపింగ్ (చిరునామాల జత) లేని చోటును తాకిన ప్రోగ్రామును సెగ్మెంటేషన్ ఫాల్ట్‌తోనూ, మ్యాపింగ్ ఉన్నా దాని వెనుక పేజీ దొరకనప్పుడు బస్ ఎర్రర్‌తోనూ కెర్నెల్ ఆపేస్తుంది కనుక, ఆ రెండింటి తేడాయే మొదటి ఆధారమవుతుంది. అసలు చిక్కు, ఎంమ్యాప్ విజయవంతంగా ముగిసి, చదివిన డేటా మాత్రం తప్పుగా ఉన్నప్పుడు వస్తుంది.

అలాంటప్పుడు ముందుగా చూడవలసినది ప్రాక్ డైరెక్టరీలో ప్రతి ప్రోగ్రాముకూ ఉండే మ్యాప్స్ అనే ఫైలు. అందులోని ఒక్కొక్క వరుస ఒక్కొక్క మ్యాపింగ్ మొదలు, చివర, అనుమతులు, అసలు మెమరీలో ఎక్కడి నుంచి మొదలైందో చెప్పే ఆఫ్‌సెట్ తెలుపుతుంది. అనుమతుల్లో నాలుగో అక్షరం ‘ఎస్’ అయితే మెమరీ ఉమ్మడిది, ‘పి’ అయితే ప్రోగ్రాముకు సొంతం. సొంతమని పొరపాటున అడిగిన ప్రోగ్రాము ఏమి రాసినా అది విడి కాపీలోకే పోతుంది, డ్రైవర్‌కు చేరదు. ఆఫ్‌సెట్ విషయంలోనూ మెలిక ఉంది. ప్రోగ్రాము బైట్లలో 8192 అని అడిగితే, పేజీ పరిమాణం 4096 బైట్లయిన యంత్రంలో డ్రైవర్‌కు అందేది 2 అనే పేజీల లెక్క. దానిని బైట్లుగా భావించిన డ్రైవర్ వేరే చోటును చూపిస్తుంది.

ఫైలులో అంతా సరిగానే కనబడితే, డ్రైవర్ చేత ప్రతి పేజీ మొదట్లో ఆ పేజీ సంఖ్యను రాయించి, ప్రోగ్రాము చేత చదివించడం ఎంతో పనికివస్తుంది. సంఖ్యలన్నీ ఒకటి చొప్పున జరిగి కనబడితే తప్పు ఆఫ్‌సెట్‌ది. మొదటి పేజీ సరిగా ఉండి తరువాతివన్నీ చెత్తగా ఉంటే, ఆ మెమరీని వీమాలోక్ అనే ఫంక్షన్‌తో తీసుకున్నారేమో చూడాలి. వీమాలోక్ ఇచ్చే పేజీలు వర్చువల్‌గా వరుసలో ఉన్నా ర్యామ్‌లో చెల్లాచెదురుగా ఉండవచ్చు కనుక, వాటిని ఒకే ముక్కగా మ్యాప్ చేయడం కుదరదు. సంఖ్యలన్నీ సరిగా ఉన్నా అప్పుడప్పుడు పాత చిత్రమే కనబడుతుంటే అనుమానించవలసినది క్యాష్‌ను: పరికరం నేరుగా ర్యామ్‌లో రాసిన కొత్త డేటాను కాక, ప్రాసెసర్ తన దగ్గర దాచుకున్న పాత ప్రతిని చదువుతోందన్నమాట. సాధారణ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో ఈ పొందికను హార్డ్‌వేరే చూసుకుంటుంది. అందువల్ల అక్కడ ఏళ్లతరబడి నడిచిన డ్రైవర్ కొన్ని ఆర్మ్ బోర్డులపై తడబడుతుంది.

వీటన్నిటికంటే ప్రమాదకరమైన తప్పు మాత్రం ఏ పరీక్షలోనూ తనంతట తాను బయటపడదు. అడిగిన పొడవు తన మెమరీని దాటుతోందా అని చూసుకోవలసింది డ్రైవరే; చూసుకోకపోతే ప్రోగ్రాముకు ఇతరుల మెమరీ కూడా అందుతుంది. 2012 డిసెంబరులో శాంసంగ్ ఎక్సినోస్ చిప్‌లున్న కొన్ని గెలాక్సీ ఫోన్లలో, ఎక్సినోస్-మెమ్ అనే డివైస్ ఫైలు అన్ని యాప్‌లకూ తెరిచి ఉండటం వల్ల, ఏ యాప్ అయినా ఫోన్ ఫిజికల్ మెమరీని మ్యాప్ చేసుకొని చదవగలదని, మార్చగలదని తేలింది. హద్దు పరీక్ష రాసేటప్పుడు కూడా ఆఫ్‌సెట్‌ను, పొడవును కూడితే మొత్తం ఓవర్‌ఫ్లో అయి చిన్న సంఖ్యగా మారి పరీక్షను దాటిపోవచ్చు. అందుచేత ఆఫ్‌సెట్ మెమరీ పరిమాణాన్ని మించలేదని ముందు నిర్ధారించుకొని, ఆపై మిగిలిన భాగంతో పొడవును పోల్చడమే సరైన పద్ధతి.